కొబ్బరిచెట్టు జబ్బును ఆకాశం నుంచి పసిగట్టిన పిషరోటి

మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఆద్యుడని పేరు పొందిన పి.ఆర్. పిషరోటి 1909 ఫిబ్రవరి 10న కేరళలోని కొల్లెంగోడ్‌లో పుట్టారు. ఆయన తెలుగువారు కారు. అయినా ఆయన వేసిన బాట హైదరాబాద్ మీదుగా మన ఊళ్ల దాకా వచ్చింది. డిగ్రీ అయ్యాక పిల్లల్ని ఏం చదివించాలని మా సంఘాన్ని అడిగే తల్లిదండ్రులకు ఈ జీవితం పనికొస్తుందని చెబుతున్నాం.

పిషరోటి భౌతికశాస్త్రం చదివి, మద్రాసులో కాలేజీ అధ్యాపకులుగా కుదురుకున్నారు. వేసవి సెలవులు వస్తే బెంగళూరు వెళ్లి సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసేవారు. 1942లో వాతావరణ శాఖలో చేరారు. ఉద్యోగంలో ఉంటూనే అమెరికా వెళ్లి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తుఫానుల పుట్టుకపై పేరుమోసిన బ్యెర్క్‌నెస్ దగ్గర వాతావరణ శాస్త్రం చదివారు. 1954లో డాక్టరేట్ వచ్చేసరికి ఆయనకు 45 ఏళ్లు. మనలో చాలామంది ఆ వయసుకు సొంత చదువు కట్టిపెట్టి, పిల్లల ఫీజుల లెక్కలో పడతాం.

తిరిగి వచ్చాక, 1959లో ముంబయి కొలాబా, అలీబాగ్ అబ్జర్వేటరీలకు డైరెక్టరయ్యారు. 1962లో పుణెలో మొదలైన ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరు ఆయనే. నైరుతి రుతుపవనాలు మోసుకొచ్చే తేమలో పెద్ద వాటా అరేబియా సముద్రం నుంచే లేస్తుందని ఆయన లెక్క కట్టారు. దానిపై తర్వాతి శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. వాదం వల్ల రుతుపవనాల పరిశోధన ముందుకే సాగింది.

1967లో పదవీ విరమణ. అసలు కథ అక్కడే మొదలైంది. విక్రమ్ సారాభాయ్ పిలుపు మీద ఆయన అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయంలో చేరారు. అప్పట్లో కేరళ కొబ్బరితోటలను వేరు ఎండు తెగులు పట్టి పీడిస్తోంది. ఆ తెగులు చెట్టును వెంటనే చంపదు. ఆకులు వాడి, కాపు ఏటేటా తగ్గిపోతుంది. జబ్బు బయటపడేనాటికి రైతు నష్టపోయి ఉంటాడు. కొబ్బరి మీద బతికే ఇంటికి అదెంత దెబ్బో యానాం, కోనసీమ వారికి చెప్పనక్కర్లేదు.

పిషరోటి బృందం 1970 ప్రాంతంలో హెలికాప్టర్ ఎక్కి, పరారుణ కిరణాలను పట్టే ఫిల్ముతో ఆ తోటలను ఫొటోలు తీసింది. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనపడని ఆ కిరణాలను బాగా వెనక్కి పంపుతుంది. అందుకే మంచి చెట్టు ఆ ఫిల్ముపై ఎర్రగా మెరుస్తుంది, జబ్బు చెట్టు వెలవెలబోతుంది. కింద నిలబడి చూస్తే పచ్చగానే ఉన్న చెట్టులో తేడాను పైనుంచి పసిగట్టవచ్చని తేలింది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ ఈ కొబ్బరితోటల్లోనే మొదలైందని చెబుతారు.

ఆ తర్వాత పని వేగం అందుకుంది. 1974లో హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 1988లో ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం నింగికెక్కింది. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహ సమాచారం చూసి, సముద్రంలో చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలుపుతోంది. పంటల అంచనాకూ, వరద ముంపు పటాలకూ, అడవుల లెక్కకూ ఇదే విద్య ఆధారం. పర్యావరణంపై ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాలకు ఈ లెక్కలే కావాలి.

పిషరోటికి 1970లో పద్మశ్రీ, 1989లో ప్రపంచ వాతావరణ సంస్థ వారి ఐఎంఓ బహుమతి లభించాయి. 2002 సెప్టెంబర్ 24న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కంప్యూటర్ చదువు ఒక్కటే దారి అనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, భూగోళం చదివిన పిల్లలకూ పై చదువులున్నాయి. డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఈ విద్య నేర్పుతున్నాయి. అర్హతలు, చేరే తేదీలు వారి ప్రకటనల్లో చూసుకోండి. వయసు దాటిందేమోనన్న సందేహం వస్తే, 45 ఏళ్లకు డాక్టరేట్ పుచ్చుకుని, రిటైరయ్యాక హెలికాప్టర్‌తో కొత్త పని మొదలుపెట్టిన పిషరోటిని తలుచుకోండి.