బిషప్ స్లోమ్‌షెక్ గారు మార్పించిన హద్దు

అధ్యక్ష ఖండపు హద్దులు కార్యాలయంలోని పటం మీద గీతలేనని మనలో చాలామంది తలుస్తాము. ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఆ హద్దులను మార్పించేందుకు ఏండ్ల తరబడి పాటుపడిన ఒక బిషప్పుగారున్నారు. ఆయన అంతోన్ మార్టిన్ స్లోమ్‌షెక్ గారు. రోమన్ కథోలిక సంఘం వారు. వేదాంత కళాశాలలో మేము చదివిన సంఘ చరిత్రలో ఆయన పేరు రాలేదు.

1800 నవంబరు 26న, నేటి స్లోవేనియాలోని పోనిక్వా దగ్గర రైతు కుటుంబంలో జన్మించారు. ఆనాడు స్లోవేను ప్రజలు స్టిరియా, కరింథియా, కార్నియోలా మొదలైన రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. పై చదువులూ కచేరీ వ్యవహారాలూ జర్మన్ భాషలో సాగేవి. స్లోమ్‌షెక్ గారు క్లాగెన్‌ఫుర్ట్ సెమినరీ విద్యార్థులకు స్లోవేను నేర్పారు. పల్లెపిల్లల ఆదివారపు బడి కోసం 1842లో ఒక పుస్తకం వ్రాశారు. ఏటేటా చందాదారుల ఇండ్లకు పుస్తకాలు చేర్చే సంఘం ఒకటి తరువాత ఆయన పూనిక వల్లనే పుట్టింది.

1846లో లవాంట్ బిషప్పు అయ్యారు. 1848 విప్లవంలో మతియా మయార్ అనే గురువు, మరికొందరు స్లోవేనులందరికీ ఒకే రాష్ట్రం కావాలని కోరారు. స్లోమ్‌షెక్ గారు తిరుగుబాటును మెచ్చలేదు, చక్రవర్తికి విధేయులుగానే నిలిచారు. దీన్ని పిరికితనమనవచ్చు గాని, మాకు అలా తోచదు. చక్రవర్తిని ధిక్కరించకుండానే ఆయన తన ప్రజలకు చేయగలిగింది చేశారు.

లవాంట్ పీఠం కరింథియాలో, జర్మన్ మాట్లాడే సెయింట్ ఆండ్రే పట్టణంలో ఉండేది. విశ్వాసులలో ఎక్కువమంది స్లోవేనులు దక్షిణాన స్టిరియాలో ఉన్నారు. అక్కడి మరిబోర్ ప్రాంతపు సంఘాలు మాత్రం సెకావ్ బిషప్పు క్రింద ఉండేవి. వియన్నా, రోము అనుమతించాక, 1859 సెప్టెంబరు 4న పీఠం మరిబోర్‌కు తరలింది. ఆస్ట్రియా లొంబార్డీని పోగొట్టుకున్న సంవత్సరమే అది. స్టిరియా స్లోవేనులు ఒకే బిషప్పు క్రిందికి వచ్చారు. అక్కడే గురువులకు వేదాంత పాఠశాల తెరిచారు. అయితే కరింథియా స్లోవేనులు ఈ ఏర్పాటుకు వెలుపలే మిగిలిపోయారు. ఆ సంగతి దాచరాదు.

1862 సెప్టెంబరు 24న ఆయన కన్నుమూశారు. 1918లో సామ్రాజ్యం కూలినప్పుడు మరిబోర్ దక్షిణ స్లావుల కొత్త రాజ్యంలో చేరింది. దక్షిణ కరింథియా 1920 అక్టోబరు 10న వోటు వేసి ఆస్ట్రియాను కోరుకున్నది. అలా కోరుకున్న వారిలో స్లోవేనులు కూడా ఎందరో ఉన్నారు. ఆయన విడిచివచ్చిన సెయింట్ ఆండ్రే నేటికీ ఆస్ట్రియాలోనే ఉంది.