సవర పిల్లల మాస్టారు గిడుగు రామమూర్తి

నిమ్‌పురాలో మనకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. ఊరు దాటితే సంతాలీ కూడా చెవిన పడుతుంది. ఏ భాషలో చెబితే చిన్న తరగతి పిల్లలకు పాఠం అర్థమవుతుందన్నది మనకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఆ ప్రశ్న వెంటే జీవితమంతా నడిచిన ఒక బడి పంతులు గురించి ఈసారి చెప్పుకుందాం. మనలో చాలామంది తాతముత్తాతల ఊళ్లున్న శ్రీకాకుళం వైపువారే ఆయన.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ గారింట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనతోపాటు చదివినవారే. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. జీతం ముప్ఫై రూపాయలు. కాలేజీ చదువు పక్కకు జరిగింది. ఉద్యోగం చేస్తూనే చదివి, 1896 నాటికిగానీ బి.ఎ. ముగించలేదు.

మనం ఊరికి వెళ్లేటప్పుడు పలాస దాటాక నౌపడ స్టేషన్ వస్తుంది కదా, అక్కడి నుంచే పర్లాకిమిడికి లైను చీలుతుంది. ఊరి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. వాళ్ల భాష తెలుగూ కాదు, ఒరియా కూడా కాదు. మన పక్కన వినిపించే సంతాలీకి అది చుట్టం, రెండూ ముండా భాషలే. ఆ పిల్లల్ని తెచ్చి బడిలో కూర్చోబెట్టినా వాళ్లకు అక్షరాలకంటే ముందు మాటే అడ్డం. వాళ్ల భాషలోనే వాళ్లకు చదువు చెప్పాలని గిడుగు వారు సంకల్పించారు.

అయితే వెంటనే బడి తెరవలేదు. ముందు తానే విద్యార్థి అయ్యారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. కొండలెక్కి ఆ గూడేల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చి, జీవితాంతం పోలేదు. లిపి లేని భాషను చెవితోనే పట్టుకోవాలి కదా, ఆయనకు పోయింది ఆ చెవే! అయినా పని ఆగలేదు.

భాష వచ్చాక పుస్తకాలు. వాచకాలు, కథలు, పాటలు, నిఘంటువు. ఆ తర్వాతే బడులు. సొంత డబ్బుతో పెట్టి, పంతుళ్లకు జీతాలు కూడా తానే ఇచ్చారు. ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలవగానే మన టీచర్లు ఏడాది ప్రణాళిక రాస్తారు. అందులో సిలబస్, పరీక్షలు, ఆటల పోటీలు అన్నీ ఉంటాయి. గిడుగు వారి ప్రణాళికలో మొదటి గడి పిల్లవాడి మాట నేర్చుకోవడానికి కేటాయించినట్టుంది. దానికే ఏళ్లు పట్టింది.

తెలుగువాళ్లకు ఆయన వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఎక్కువ తెలుసు. పిల్లల పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని గ్రాంథికవాదులతో ఎన్నో ఏళ్లు వాదించారు, పత్రిక నడిపారు. ఈ వ్యాసం అలా రాయగలుగుతున్నామంటే ఆ గొడవ పుణ్యమే. దాని వేరు మాత్రం సవర బడిలోనే ఉందని మాకు అనిపిస్తుంది.

1913లో ప్రభుత్వం బిరుదిచ్చింది. 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు అన్నేళ్ల ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అక్కడా సవర పని వదల్లేదు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు.