మహాత్ముని దినచర్య

మోహనదాసు కరంచందు గాంధీ 1869 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన సౌరాష్ట్రములోని పోరుబందరులో జన్మించెను. బాల్యమున ఆయన మిక్కిలి బిడియస్తుడు. సరిగా గంట కొట్టు వేళకు బడికి పోయి, బడి విడిచినంతనే ఇంటికి పరుగెత్తెడివాడు. దారిలో ఎవరైన పలుకరించి పరిహసింతురేమో యని ఆయన భయము. పదిమందిలో నోరు విప్పలేని ఈ బాలుడే పెరిగి పెద్దవాడై కోట్లాది ప్రజలకు నాయకుడయ్యెను. తన స్వభావమును తాను గుర్తెరిగి, దానికి తగిన నియమములను ఏర్పరచుకొనుటయే అందులకు సాధనమయ్యెను. అయితే ఆ సాధన మొదటినుండి సవ్యముగా సాగలేదు.

1888 లో గాంధీ న్యాయశాస్త్రము చదువుటకు లండను నగరము చేరెను. అక్కడి పెద్దమనుష్యులవలె కనబడవలెనని మొదట ఉబలాటపడెను. 19 షిల్లింగులు పెట్టి పొడుగు టోపీ కొనెను. పేరుపొందిన అంగడిలో 10 పౌనులకు దుస్తులు కుట్టించెను. నాట్యము నేర్చుకొనబోగా అడుగులు తాళమునకు కుదరలేదు. చెవికి సంగీతము అలవడునని వయొలిను కొనెను, అదియు పట్టుబడలేదు. ఉపన్యసించుట నేర్పు గురువును గూడ ఆశ్రయించెను. ఈ వ్యామోహము మూడు మాసములు సాగెను. పిమ్మట తాను విద్యార్థినన్న సంగతి జ్ఞప్తికి వచ్చి ఆ పాఠములన్నింటికి స్వస్తి చెప్పెను. వయొలినును వచ్చిన వెలకు అమ్మివేయుమని ఉపాధ్యాయురాలిని కోరెను.

ఆ దినములలో సైతము ఆయనకు ఒక మంచి అలవాటు ఉండెను. ఖర్చు చేసిన ప్రతి చిల్లిగవ్వను పుస్తకములో వ్రాసి, పరుండబోవుటకు ముందు లెక్క సరిచూచుకొనెడివాడు. ఆ లెక్కలు చూచుకొనియే ఖర్చును సగమునకు తగ్గింప నిశ్చయించెను. ఒకే గది అద్దెకు తీసికొని, ఉదయము, సాయంకాలము తన ఆహారము తానే సిద్ధపరచుకొనెను. బండి ఖర్చు లేకుండ దినమునకు 8, 10 మైళ్లు నడిచెను. ఆ నడక ఆయనను జీవితాంతము విడువలేదు. ముందు ముందు లక్షల రూపాయల ప్రజాధనము ఆయన చేతులమీదుగా వ్యయమైనప్పుడు ఆ లెక్కల అలవాటే అక్కరకు వచ్చెను.

బిడియము మాత్రము పోలేదు. 1891 లో బారిష్టరు పట్టము పొంది ఆయన స్వదేశమునకు తిరిగివచ్చెను. బొంబాయిలో తన తొలి వ్యాజ్యమున సాక్షిని ప్రశ్నించుటకు లేచి నిలువగా తల తిరిగిపోయెను; నోట మాట పెగలలేదు. పుచ్చుకొనిన 30 రూపాయలు వదలుకొని, ఆ వ్యాజ్యమును మరియొక న్యాయవాదికి అప్పగింపుడని చెప్పి సిగ్గుతో వెలుపలికి వచ్చెను.

1893 లో ఆయన దక్షిణాఫ్రికాకు పోయెను. అక్కడ భారతీయులు పడుచున్న అవమానములను చూచినప్పుడు నోరు విప్పక తప్పినది కాదు. అయినను తూచి మాటలాడుటయే ఆయనకు అలవాటయ్యెను. తన బిడియమే తనకు మితభాషణమును నేర్పినదని ఆయన తరువాత గ్రహించెను. సభలో వెనుకాడిన మనిషి కలము పట్టినచో వెనుదీయడు. 1909 లో లండనునుండి ఓడలో తిరిగివచ్చుచు పది దినములలో 'హింద్ స్వరాజ్' గ్రంథమును ముగించెను. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేతితో వ్రాసెను. పని ఒత్తిడివలన గీతాపారాయణమునకు తీరిక దొరకకున్నప్పుడు శ్లోకములను చీటీలపై వ్రాసి గోడకు అంటించి, పండ్లు తోముకొను పదునైదు నిమిషములలో వానిని వల్లించెను. ఈ విధముగా పదమూడు అధ్యాయములు కంఠస్థములయ్యెను.

ఆయన వలన పొరపాటులు జరుగకపోలేదు. డర్బనులో తన యింట నివసించు గుమాస్తాల మూత్రపాత్రలను ఇంటివారే శుభ్రపరచవలెనని ఆయన నియమము. కస్తూరిబాయి కంట నీరు పెట్టుకొని ఆ పని చేయగా, సంతోషముతో చేయవలెనని పట్టుపట్టి, ఆమె చేయి పట్టుకొని వాకిలివరకు ఈడ్చుకొనిపోయెను. ఈ పరదేశములో నేనెక్కడికి పోదునని ఆమె అడుగగా సిగ్గుపడి తలుపు మూసెను. తనకు హితమైన నియమమును ఇతరులపై బలవంతముగా మోపరాదని ఆ దినమున ఆయనకు తెలిసివచ్చెను.

భారతదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట సబర్మతి ఆశ్రమములో ఆయన దినచర్య స్థిరపడెను. తెల్లవారుజామున 4 గంటలకు మేల్కొనుట, ప్రార్థన, నడక, ఉత్తరములు, సందర్శకులు, రాట్నము, మరల ప్రార్థన - ఒక్కొక్క దానికి ఒక్కొక్క వేళ. నడుమున వ్రేలాడు గడియారము ఆయనకు అంగరక్షకుని వంటిది. దినమునకు అరగంటయైన నూలు వడకుట విడువరాదని నియమము. 1931 లో రౌండు టేబిలు సమావేశమునకు లండను పోయినప్పుడును ప్రాతఃకాలపు నడకను, రాట్నమును మానలేదు. పనుల నడుమ కొన్ని నిమిషములు దొరికిన కన్ను మూసి నిద్రించి, తాజాగా లేచెడివాడు. 1917 నుండి 1942 లో మరణించువరకు మహాదేవ దేశాయి ఆయన మాటలను, పనులను నిత్యము దినచర్య పుస్తకమున వ్రాసి ఉంచెను.

ఈ నియమములన్నింటిలో సోమవారపు మౌనము మిక్కిలి ప్రసిద్ధమైనది. దేశము నలుమూలలనుండి జనులు వచ్చుటచే వ్రాతపనికి వ్యవధి లేకుండెను. అందుచే వారమునకు ఒక దినము మాటలాడరాదని నిశ్చయించుకొనెను. తీరిక కొరకు ప్రారంభించిన మౌనము క్రమముగా ఆత్మశోధనమునకు తోడ్పడెను. 1930 లో దండియాత్ర సాగిన 24 దినములలో సైతము సోమవారములు విశ్రాంతి దినములే. రెండు సందర్భములకు మాత్రము మినహాయింపు ఉంచుకొనెను: ఉన్నతాధికారులతో అత్యవసర విషయము, రోగులకు పరిచర్య.

ఆ నియమమునకు 1947 జూను 2 వ తేదీన గట్టి పరీక్ష వచ్చెను. అది సోమవారము. దేశవిభజన ప్రణాళికను తెలుపుటకు వైస్రాయి మౌంట్‌బాటన్ ఆయనను పిలిపించెను. ఆ విభజనను గాంధీజీ మొదటినుండి వ్యతిరేకించుచుండెను. ఆయన ఏమి పలుకునో యని వైస్రాయి కలవరపడుచుండగా, గాంధీజీ పెదవులపై వ్రేలు ఉంచెను. పాత కవరుల వెనుక వైపున తన సమాధానము వ్రాసి యిచ్చెను. ఉన్నతాధికారితో మాటలాడుటకు తన నియమమే అవకాశమిచ్చుచున్నను, తాను మౌనము వీడుట వైస్రాయికి ఇష్టము కాదని ఎరిగి ఆయన పలుకకుండెను. ఎంత దుఃఖమును దిగమ్రింగుకొని ఆ చీటీలు వ్రాసెనో ఊహింపవచ్చును.

1948 జనవరి 30 వ తేదీన ఢిల్లీలో సర్దారు పటేలుతో సంభాషణ పొడిగినందున ప్రార్థనకు కొన్ని నిమిషములు ఆలస్యమయ్యెను. ఆలస్యము ఆయనకు సరిపడదు. త్వరత్వరగా అడుగులు వేయుచు ప్రార్థనాస్థలమునకు పోవుచుండగా హంతకుని తుపాకి గుండ్లకు నేలకొరగెను. లండనులో అరువు తెచ్చుకొనిన అలవాట్లు మూడు మాసములకే ఆయనను వీడిపోయెను. తన గుణమునకు తగినట్లు తాను మలచుకొనినవి కడదాక ఆయన వెంట నడిచెను.