రాతిలో దొరికిన మడుగు: ఆచార్య బీర్బల్ సాహ్ని

మా పొలం శామీర్‌పేట చెరువు కింద ఉంది. వరి మడిలో నీటి మీద తేలే అజొల్లాను మా నాయన ఎరువుగా పెంచుతాడు. ఆ జాతి మొక్క రాయిలో కూడా దొరికిందని బి.యస్సీ.లో చేరేదాకా నాకు తెలియదు. దానిని గుర్తించినవారిలో ముఖ్యులు ఆచార్య బీర్బల్ సాహ్ని.

సాహ్నిగారు 1891 నవంబరు 14న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న భేరాలో జన్మించారు. లాహోరులో, కేంబ్రిడ్జిలో చదివి, సీవర్డుగారి వద్ద శిలాజ వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. 1921లో లక్నో విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యారు. 1936లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో లావా విడతలు విడతలుగా పొంగింది. నడుమ నడుమ మడుగులు నిండాయి, మొక్కలు మొలిచాయి. మళ్ళీ లావా కప్పేసింది. సిలికా చేరి ఆ మొక్కలు రాయిగా నిలిచిపోయాయి. మధ్యప్రదేశ్‌లోని సాసర్ దగ్గర అలాంటి రాతిలోనే సాహ్నిగారు, హెచ్.యస్. రావుగారు అజొల్లాను కనుగొన్నారు. అది నిలవనీటి మొక్క. కనుక అక్కడ ఒకప్పుడు మంచినీటి మడుగు ఉండేదన్నమాట!

1949 ఏప్రిల్ 3న లక్నోలో ఆయన పరిశోధన సంస్థకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. వారం తిరిగేసరికి, 10న, సాహ్నిగారు కన్నుమూశారు. సతీమణి సావిత్రిగారు ఆ సంస్థను నిలబెట్టారు.

మా చుట్టూ మళ్ళు ప్లాట్లవుతున్నాయి. మాదీ అమ్మమని అడిగిపోతున్నారు. రాళ్ళ చదువుతో ఏమొస్తదని మా నాయన కోపం చేసేవాడు. మొన్న సెలవుల్లో ఈ కథంతా చెప్పాను. ఒడ్డు మీద కూర్చుని, అజొల్లాను దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. లావా కప్పిన మడుగు రాతిలోనైనా మిగిలింది. మొరం పోసి పూడ్చిన మడి ఎక్కడ మిగులుతుంది?