నీలిరంగు తేల్చిన లెక్క: యల్లాప్రగడ సుబ్బారావు

తాగునీటిలో సీసం, కాడ్మియం వంటి లోహ అయాన్లను పసిగట్టేందుకు కొవ్వు అణువులతో అల్లిన అతి పలుచని పొరలను సెన్సార్లుగా మలిచే పరిశోధనలు నేడు పలు దేశాల్లో సాగుతున్నాయి. ఆ పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ అణువు కొసన ఫాస్ఫేట్ సమూహం ఉంటుంది. ధనావేశం గల లోహ అయాన్‌ను ఆకర్షించేది ప్రధానంగా అదే. అయితే పొరలో లిపిడ్ ఎంత ఉందో కచ్చితంగా తెలియనిదే సెన్సార్ చూపే అంకెను నమ్మలేము. ఆ పరిమాణాన్ని తేల్చేందుకు ప్రయోగశాలలు అనుసరించే ప్రసిద్ధ విధానానికి పునాది వేసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న జన్మించిన సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి హాజరయ్యారు. ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటే తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొనగా, అదే వ్యాధి సోకిన ఆయన ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ హామీతో, మామగారు సమకూర్చిన ధనంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. భార్య శేషగిరిని మళ్లీ చూసే అవకాశం ఆయనకు కలగలేదు.

పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పనులు చేస్తూనే హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని కొలిచే పనికి పూనుకున్నారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపితే రెండూ జతకూడతాయి. తగిన క్షయకరణ ద్రవ్యం చేర్చితే ఆ సమ్మేళనం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ముందే తెలిసిన పరిమాణం గల ద్రావణపు రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. 1925లో ప్రచురితమైన ఈ విధానం ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాలకెక్కింది.

దీని అసలు మహిమ బయటపడింది ఒక చిక్కుముడి వల్ల. కండరం నుంచి తీసిన ద్రావణంలో నీలం వెంటనే రాలేదు. ఆగి ఆగి, క్రమంగా చిక్కబడింది. పరీక్షలోనే లోపమని కొట్టిపారేస్తే కథ అక్కడితో ముగిసేది. కానీ ఏదో అస్థిర పదార్థం ఆమ్లంలో విచ్ఛిన్నమవుతూ ఫాస్ఫేట్‌ను కొద్దికొద్దిగా విడుదల చేస్తోందని వారు గుర్తించారు. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వెలువడిన ఈ ఆవిష్కరణ కండర శక్తి గురించి అప్పటిదాకా ఉన్న అవగాహననే కుదిపివేసింది. 1929లో ఎ.టి.పి.ని కూడా వారు వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్కే కారణంగా వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు ఏళ్ల తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ అనంతర కాలంలో పేర్కొన్నారు. ఆ నష్టం ఒక్క సుబ్బారావుది మాత్రమే కాదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన మార్గదర్శకత్వంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ జరిగింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అక్కడి నుంచే వచ్చాయి. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బాల్యపు ల్యుకేమియాను తాత్కాలికంగానైనా అదుపు చేయగలిగారు. తెలుగునాట సుబ్బారావును తలచుకునేది ఎక్కువగా ఈ మందులతోనే. కొలత పద్ధతి మాత్రం ప్రయోగశాల గోడలు దాటి జనంలోకి అంతగా రాలేదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పదకొండేళ్ల తరువాత, 1959లో, బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని సవరించి, నమూనాను బలమైన ఆమ్లంలో మరిగించి ఫాస్ఫోలిపిడ్లలోని భాస్వరాన్ని లెక్కించే మార్గం చూపారు. లైపోజోములు తయారుచేసే పరిశోధకులు నేటికీ ఆ నీలం కోసమే పరీక్షనాళికల వంక చూస్తుంటారు.