గ్రోవర్ క్లీవ్లండు పంటినొప్పి

అమెరికా సంయుక్త రాష్ట్రములకు రెండు పర్యాయములు అధ్యక్షుడైన గ్రోవర్ క్లీవ్లండు 1837వ సంవత్సరము మార్చి 18వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి కాల్డ్వెల్ అను గ్రామమున జన్మించెను. తండ్రి ప్రెస్బిటీరియను సంఘ కాపరి. జీతము స్వల్పము, బిడ్డలు తొమ్మండుగురు. గ్రోవరునకు 16 ఏండ్ల ప్రాయమున తండ్రి గతించుటచే కళాశాల చదువునకు తావులేకపోయెను. అతడు న్యూయార్కు నగరమందలి అంధుల పాఠశాలలో తన యన్న విలియం చెంత ఒక యేడు సహాయోపాధ్యాయుడుగా పనిచేసెను. పిమ్మట బఫలో నగరము చేరి, న్యాయవాదుల కచేరీలో గుమాస్తాగా నుండి చట్టము నభ్యసించి, 1859లో న్యాయవాది యయ్యెను.

1882లో ఆయన బఫలో నగరాధ్యక్షుడుగా నుండగా, పురపాలక సభవారు వీధులూడ్చు గుత్తను తక్కువ ధరకు చేయువారికి గాక, లక్ష డాలర్లకు పైగా హెచ్చు కోరినవానికి కట్టబెట్టిరి. క్లీవ్లండు ఆ తీర్మానమును నిర్భయముగా త్రోసివేసెను. మరు సంవత్సరమే న్యూయార్కు రాష్ట్రమునకు గవర్నరయ్యెను. 1884లో అధ్యక్షపదవికి పోటీచేసినపుడు ప్రత్యర్థులు ఆయన పూర్వజీవితములోని యొక దోషమును వెల్లడిచేసిరి. ఏమి చెప్పవలెనని మిత్రులు తొందరపడుచుండ, ఏది జరిగినను సత్యమునే చెప్పవలసినదని ఆయన తంతి పంపెను. ప్రజలాయననే ఎన్నుకొనిరి. 1888లో ఓడినను, 1892లో మరల గెలిచెను. నిజము పలుకువాడను కీర్తియే ఆయనకు గల గొప్ప ఆస్తి.

ఆ యాస్తికి 1893లో పరీక్ష వచ్చెను. ఆ వేసవిలో ఆయన నోట ఎడమప్రక్క అంగిలిపై నొక గరుకు పుండు కనబడెను. వైద్యులు పరీక్షించి అది రాచపుండని, తక్షణమే కోసి తీసివేయవలెనని చెప్పిరి. దేశమప్పుడు గొప్ప ఆర్థిక సంకటములో నుండెను. బ్యాంకులు మూతపడుచుండెను. 1890 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వము నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొనవలసి యుండుటచే బొక్కసములోని బంగారము తరిగిపోవుచుండెను. అట్టి సమయమున, జూన్ 26వ తేదీన, మన హిందూదేశపు టంకసాలలు ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా ముద్రించుట మానివేసెను. దానితో వెండి ధర మరింత పడిపోయెను. ఆ చట్టమును రద్దుచేయుటకై ఆగస్టు 7వ తేదీన కాంగ్రెసు సభ కూడవలెనని క్లీవ్లండు జూన్ 30వ తేదీన ఉత్తరువు చేసెను. ఆయన ప్రాణమునకు అపాయమని తెలిసినచో దేశము మరింత బెదరిపోవునని భయపడి, వ్యాధిని రహస్యముగా నుంచ నిశ్చయించిరి. ఉపాధ్యక్షుడు వెండి పక్షమువాడగుటచే ఆయనకును చెప్పరైరి.

జూలై 1వ తేదీన, మిత్రునిదైన ఒనైడా అను విహారనౌక న్యూయార్కు నుండి మెల్లగా సాగిపోవుచుండగా, దానిలోనే శస్త్రచికిత్స జరిగెను. మొదట దంతవైద్యుడు హాస్బ్రూకు నైట్రస్ ఆక్సైడు వాయువుతో మత్తు కలిగించి రెండు పళ్లు పెరికెను. పిదప ఈథరు ఇచ్చి, డాక్టరు బ్రయంటు పైదవుడ యెడమభాగమును కడపటి దంతము దాటువరకు తొలగించెను. పనియంతయు నోటిలోపలనే జరిగెను. ముఖమునకు గాటు లేదు, మీసమైనను తీయలేదు.

జూలై 5వ తేదీన నౌక మసాచుసెట్సు తీరమున బజర్డ్సు బే చెంతనున్న గ్రే గేబుల్సు అను ఆయన స్వగృహమునకు చేరెను. అంత చికిత్స పొందినవాడు దాదాపు ఆయాసములేకయే ఇంటికి నడచిపోయెను. కాని నోటిలో గుంటయుండుటచే, దానిలో గుడ్డ కూరినగాని మాట తెలియకుండెను. వాకిట చేరిన పత్రికా విలేఖరులకు ఆయనకు కీళ్లవాతమును పంటినొప్పియు తప్ప వేరేమియు లేదని యుద్ధమంత్రి లమాంటు చెప్పెను. జూలై 17వ తేదీన నౌకమీదనే మరల కొంత కోసిరి. డాక్టరు గిబ్సను రబ్బరుతో చేసిన కృత్రిమపు దవుడను గుంటలో అమర్చగా, మాట మునుపటివలె స్పష్టమయ్యెను. ఆగస్టులో కాంగ్రెసు కూడెను; నవంబరు 1వ తేదీన వెండి చట్టము రద్దయ్యెను.

అయితే దంతవైద్యుని ద్వారా సంగతి పొక్కెను. ఆగస్టు 29వ తేదీన ఎడ్వర్డ్సు అను విలేఖరి ఫిలడెల్ఫియా ప్రెస్ పత్రికలో ఉన్నదున్నట్లు ప్రకటించెను. అధ్యక్షుని మిత్రులు అది కల్లయని త్రోసివేసిరి. తక్కిన పత్రికలు ఎడ్వర్డ్సును నిందించెను. సత్యసంధుడని పేరుపొందిన క్లీవ్లండు పక్షమువారి మాట నమ్మిన లోకము, నిజము చెప్పినవానిని అబద్ధికుడనెను.

క్లీవ్లండు మరి 15 ఏండ్లు జీవించి, 1908 జూన్ 24వ తేదీన ప్రిన్స్టనులో మరణించెను. జీవించినంతకాలము ఆ సంగతిని బహిరంగముగా ఒప్పుకొనలేదు. 1917లో, చికిత్సలో పాల్గొన్న డాక్టరు కీను జరిగినదెల్ల వ్రాసి ప్రకటింపగా ఎడ్వర్డ్సు మాట నిజమని తేలెను. అప్పటికి 24 సంవత్సరములు గడచిపోయెను. తీసివేసిన ఆ పుండు భాగము ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియమునందు భద్రపరచబడినది.

విద్యార్థులారా! దేశము బెదరకూడదను తలంపు చెడ్డదని యెవరనగలరు? రోగి తన బాధను దాచుకొనుట నేరమును కాదు. అయినను దాచుట వేరు, నిజము చెప్పినవానిని అబద్ధికుడనిపించుట వేరు. మొదటిదానికి వెల క్లీవ్లండు తన దేహముతో చెల్లించెను. రెండవదానికి వెల 24 ఏండ్లు ఎడ్వర్డ్సు చెల్లించెను. మనము మంచి యుద్దేశముతో ఒక మాట మరుగుచేయునపుడు, దాని వెల ఎవరిమీద పడునో ముందుగా విచారించుకొనుట మేలు.