డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

దేహంలో ఏ పదార్థం ఏ అవయవంలో ఎంత ఉన్నదో తెలిస్తే గాని రోగమూలం బోధపడదు. కండరంలో సమృద్ధిగా ఉండేది కాలేయంలో కనిపించకపోవచ్చు. ఆరోగ్యవంతుని ఎముక మజ్జలో మితంగా ఉండేది రోగి మజ్జలో హెచ్చుతగ్గులకు లోను కావచ్చు. 2003లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆరంభించిన మానవ ప్రోటీన్ పటం ఈ విషయాన్ని ఒక్కొక్క ప్రోటీన్ వారీగా నమోదు చేసే మహాప్రయత్నం. అటువంటి సాధన సంపత్తి ఏమీ లేని రోజుల్లో కండరాన్నీ, కాలేయాన్నీ పరీక్షానాళికలో శోధించిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడం శస్త్రచికిత్సాచార్యునికి ఆగ్రహం కలిగించింది. తత్ఫలితంగా పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా రాక, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాలో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి కళ్ళముందే కృశించిపోయే జబ్బు అది. ఆనాటి వైద్యులకు దానికి కారణమూ తెలియదు, మందూ తెలియదు. సుబ్బారావు కూడా ఆ వ్యాధి వాతపడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆ కృతజ్ఞతతోనే కాబోలు, కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

మామగారి తోడ్పాటుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయంతో ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. పొట్ట గడవడానికి రాత్రివేళల్లో ఆసుపత్రిలో సేవకుని పని చేశారు. ఆచార్య సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధన ఆరంభించి, 1925లో ఆయనతో కలిసి రక్తంలోనూ కణజాలంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరం మాలిబ్డేట్‌తో కలిసి చివరకు నీలిరంగునిస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. చూడడానికి ఎంతో సులువైన ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రయోగశాలలు అనుసరించాయి.

ఈ కొలతతోనే వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం శ్రమిస్తే అది తరుగుతుంది, విశ్రమిస్తే మళ్ళీ చేరుతుంది. 1929లో ఎ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం, విడిగా, దానిని కనుగొన్నారు. కండరాలకు శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు, నోబెల్ బహుమతి పొందిన పాత సిద్ధాంతాన్ని సవరించి కొత్త సమాధానం వెదకవలసి వచ్చింది. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది గాని, హార్వర్డ్ శాశ్వత పదవి ఇవ్వలేదు. అది ఆ విశ్వవిద్యాలయానికే నష్టమైంది.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. కాలేయం తినిపిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని అప్పటికే తెలుసు. అయితే కాలేయంలోని ఏ పదార్థం వల్ల తగ్గుతున్నదన్నది ప్రశ్న. ముంబయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ కూడా 1930 ప్రాంతాల్లో ఇటువంటి పదార్థం ఉన్నదని గుర్తించారు. అదే ఫోలిక్ ఆమ్లం. 1945లో లెడర్లీ బృందం దాని నిర్మాణాన్ని తేల్చి, కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా వారు కోలుకోసాగారు. సోదరులను మింగిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

ఫోలిక్ ఆమ్లం రక్తకణాలను వృద్ధి చేస్తుంది. రక్త క్యాన్సర్‌లో అడ్డూ అదుపూ లేకుండా పెరిగేవీ రక్తకణాలే. కనుక ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన పదార్థం కావలసి వచ్చింది. సుబ్బారావు బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పదహారు మంది పిల్లలకు ఇవ్వగా, పది మందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. 1948లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దాని సన్నిహిత బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమెరికా వెళ్ళిన తరువాత మళ్ళీ స్వదేశానికి రాలేదు. 1995లో, శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

అయినా ఆయన కృషి ఫలం ఉత్తరాంధ్రకు చేరింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో బోదకాలు తరతరాల పీడ. క్యూలెక్స్ దోమకాటుతో సోకే సూక్ష్మక్రిములు పగలు లోపలి అవయవాల్లో దాగి, రాత్రివేళ పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఊళ్ళకు వెళ్ళి రక్తనమూనాలు సేకరించేవారు. ఈ క్రిములను చంపే హెట్రాజాన్ 1947లో లెడర్లీ ప్రయోగశాలలోనే పుట్టింది. 2004లో ప్రభుత్వం ఏటేటా అందరికీ మాత్రలు పంచే కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు, ఈ జిల్లాల్లో ఇంటింటికీ చేరినది ఆ మందే. ముదిరిన వాపును అది తగ్గించలేదు. రక్తంలోని క్రిములను మాత్రం చంపి, దోమల ద్వారా మరొకరికి సోకకుండా అడ్డుకుంటుంది.